గిటార్‌లో ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్‌కి (స్ప్రింగుల మీద తేలే రకం) ఇంటోనేషన్ (ఏ ఫ్రెట్‌లో నొక్కినా శ్రుతి కరెక్ట్‌గా ఉండటం) ఎలా సెట్ చేస్తారు?

తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్. సన్నగా ఉండే 9 గేజ్ తీసేసి కాస్త లావు 10 స్ట్రింగ్స్ వేశా, బ్రిడ్జ్ లేచిపోతే వెనక స్ప్రింగుల స్క్రూలు బిగించి లెవెల్‌కి తెచ్చా, అంతవరకు బానే ఉంది. కానీ లావు ఇ స్ట్రింగ్ 12వ ఫ్రెట్‌లో హార్మోనిక్ (నొక్కకుండా ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం) కరెక్ట్‌గానే ఉంది, నొక్కి వాయిస్తే మాత్రం ట్యూనర్ 8 సెంట్లు షార్ప్ (శ్రుతి కాస్త ఎక్కువ) చూపిస్తోంది. శాడిల్ (బ్రిడ్జ్ మీద స్ట్రింగ్ ఆనే ముక్క) వెనక్కి జరపాలని తెలుసు, మామూలు బ్రిడ్జ్ అయితే వెనక స్క్రూ తిప్పితే అయిపోయేది, దీనికి ఆ స్క్రూనే లేదాయె. తెలివి తక్కువై స్ట్రింగ్ లూజ్ చేయకుండానే ముందున్న అలెన్ బోల్ట్ వదులు చేశా, శాడిల్ టప్పుమని ముందుకి దూకింది, గుండె ఆగినంత పనైంది. స్ట్రింగ్ లూజ్ చేస్తేనేమో బ్రిడ్జ్ వెనక్కి వాలిపోయి మిగతా ఐదూ షార్ప్ అయిపోతున్నాయి. బ్రిడ్జ్ కింద చెక్క ముక్క పెట్టి ఆపితే పర్లేదా? ఒక్కోసారి ఎంత జరపాలి, అర మిల్లీమీటరా, ఇంకా తక్కువా?