పాత టేకు దూలాలతో భోజనాల బల్ల: పైపు క్లాంపుల గురించి సలహా కావాలి

ప్రశ్న (కావలి నుంచి):
మా తాతగారు కట్టించిన మిద్దెను విప్పించినప్పుడు వచ్చిన టేకు దూలాలను అమ్మడానికి మనసొప్పక దాచి ఉంచాను. వాటిని పలకలుగా కోయించి, అంచుకు అంచు అతికించి, ఆరడుగుల పొడవూ మూడడుగుల వెడల్పూ గల భోజనాల బల్ల చేయాలని ఉంది. జిగురు ఆరేదాకా పలకలను నొక్కి పట్టడానికి పైపు క్లాంపులు కావాలి; పైపుకు తొడిగే దవడలను, అంటే క్లాంపు తలలను మాత్రం తెప్పించుకుని పైపును ఇక్కడే కొనుక్కుందామనుకుంటున్నాను. అమెరికా కొలతల తలలు మన జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపుకు ఎక్కుతాయా? ఏ సైజు తీసుకోవాలి?

జవాబు (ఒంగోలు నుంచి):
ముప్పావు అంగుళం పైపు తీసుకోండి. ఆ సైజులో అమెరికా పద్ధతిలోనూ మన పద్ధతిలోనూ అంగుళానికి 14 మరలే ఉంటాయి; మర కోణం 60 డిగ్రీలు, 55 డిగ్రీలు అనే తేడా ఉన్నా, నీళ్లు కారకుండా ఆపే పని కాదు కనుక తల ఎక్కుతుంది. ఒక అంగుళం పైపులో మరల లెక్కే వేరు, దాని జోలికి పోవద్దు. అరంగుళం పైపు మూడడుగుల వెడల్పుకు బిగిస్తే విల్లులా వంగుతుంది. నీలి పట్టీ ఉన్న మీడియం రకం అడగండి. జీఐ పూత నున్నగా ఉండి పైపు మీద జరిపే వెనుక దవడ జారితే, అది పట్టే చోట గరుకు కాగితంతో రుద్దండి. పూత లేని నల్ల పైపు గట్టిగా పట్టు ఇస్తుంది కానీ, తడి జిగురుతో కలిసి చెక్క మీద నల్ల మరక వేస్తుంది కనుక మధ్యలో ప్లాస్టిక్ కాగితం పరచాలి.

జవాబు (ఉదయగిరి నుంచి, వడ్రంగి పని చేస్తాను):
అయ్యా, క్లాంపుల కంటే ముందు చెక్కను చూసుకోండి. పాత దూలంలో తల విరిగిన మేకు పైకి కనిపించదు. దాని చుట్టూ చెక్క రూపాయి బిళ్లంత మేర నల్లబడి ఉంటుంది. ఆ మచ్చలన్నిటినీ అయస్కాంతంతో వెతికి, మేకులు పీకించాకే కోత మిల్లుకు పంపండి. లేకపోతే రంపం పళ్లు పోవడమే కాదు, కోసేవాడికీ ప్రమాదం. అంటుకున్న సున్నాన్ని ముందే గీకేయండి, అది చిత్రిక పదునును తినేస్తుంది. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక పొడిగా రుద్ది దుమ్ము లేపవద్దు.

కోసిన పలకలను మధ్యలో పుల్లలు పెట్టి, బల్ల వేయబోయే గదిలోనే కొన్ని వారాలు పేర్చి ఉంచండి. టేకులో నూనె ఉంటుంది. అందువల్ల అతికించే రోజే అంచులకు చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి, ఆరిన వెంటనే జిగురు రాయాలి. జిగురు లేకుండా రెండు పలకలను జోడించి వెనుక దీపం పెట్టినప్పుడు వెలుగు కనిపిస్తే మళ్లీ చిత్రిక పట్టండి. క్లాంపు బలంతో ఆ సందును మూయబోతే నేడు కలిసినట్టే ఉండి, వేసవిలో విడిపోతుంది. క్లాంపులను ఒకటి పైన, ఒకటి కింద వేస్తూ, జిగురు సన్నని పూసలుగా అంచు పొడవునా ఉబికే వరకు మాత్రమే బిగించి, రాత్రంతా వదిలేయండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. పై పలకను కాళ్ల చట్రానికి జిగురుతోనే అతికించవచ్చా?

జవాబు (ఉదయగిరి):
వద్దండీ. టేకు కొద్దిగానే అయినా వెడల్పు దిశలో ఉబ్బి తగ్గుతుంది. చట్రంలో మరమేకు అటూ ఇటూ జరిగేలా పలక వెడల్పు దిశలో సాగిన రంధ్రాలు తొలిచి, మరమేకులతో కిందినుంచి బిగించండి.