మే నెలలో పాపికొండల బోటు: అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

ఎండాకాలం_సెలవులు:
మే రెండో వారంలో అమ్మానాన్నల్ని పాపికొండలు తీసుకెళ్దామనుకుంటున్నాం, హైదరాబాద్ నుంచి. నాన్నకు మోకాళ్ల నొప్పులు. హడావుడి లేకుండా పొద్దున్నే బోటెక్కి, కొండలు చూస్తూ తిరిగి, సాయంత్రానికి దిగాలి, అంతే. రాజమండ్రి వైపు మంచిదా, భద్రాచలం వైపా? అసలు మేలో నీళ్లుంటాయా?

గట్టుమీద_గాలి:
నీళ్లకు ఢోకా లేదండి. ఒకప్పుడు ఎండాకాలం వస్తే ఇసుక మేటలు తేలేవి, లాంచీ ఎక్కడ తగులుకుంటుందోనని సరంగుకి ఒకటే టెన్షన్. ఇప్పుడు పోలవరం కట్ట వెనక నీళ్లు నిలబడి ఉంటున్నాయి. మా వైపే రండి. కాకపోతే రాజమండ్రిలో బోటెక్కడం ఉండదు, గండి పోచమ్మ గుడి దాకా రోడ్డు మీద రావాలి. పేరంటపల్లిలో గుడికి ఎక్కాలి కాబట్టి నాన్నగారిని బోటులోనే ఉంచండి.

రామయ్య_దయ:
భద్రాచలం వైపు పోచవరం రేవులో ఎక్కితే కొండలు దగ్గర. భద్రాచలంలో దర్శనమూ అయిపోతుంది.

పాతగోదారి:
గట్టుమీద గాలి గారూ, "నీళ్లు నిలబడి ఉంటున్నాయి" అని మీ చేత్తో మీరే రాశారు. నిలబడ్డ నీళ్లను నది అనరు, చెరువంటారు. 2021 జూన్‌లో ప్రవాహాన్ని పోలవరం స్పిల్‌వే (నీళ్లు వదిలే గేట్ల కట్టడం) వైపు మళ్లించారు, అప్పటి నుంచి మీరు జనానికి చూపిస్తున్నది రిజర్వాయరు. దాన్ని గోదావరి విహారం అని అమ్మడం ఏం న్యాయం?

గట్టుమీద_గాలి:
చెరువేంటండీ బాబూ! పైన ప్రాణహిత, ఇంద్రావతి కలుస్తున్నాయి, కూనవరం దగ్గర శబరి కలుస్తోంది, ఆ నీళ్లన్నీ స్పిల్‌వే దాటి ధవళేశ్వరం పోకపోతే డెల్టాలో పొలాలు దేంతో తడుస్తున్నాయి? ఆ మాటకొస్తే 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి రాజమండ్రి దగ్గర ఉన్నవీ నిలబడ్డ నీళ్లే కదా. 2015లో పుష్కర స్నానం మీరు చెరువులో చేశారా?

నిద్రలేని_ప్రయాణికుడు:
చెరువో నదో తర్వాత, ముందు ఆ డీజే సంగతి చూడండి. మేం వెళ్లినప్పుడు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా స్పీకర్లు. కొండల మధ్య మలుపు తిరిగేటప్పుడైనా ఆపమంటే, వెనక పెళ్లి బృందం వాళ్లు డబ్బులు మేమూ కట్టాం అన్నారు. మా అమ్మ చెవుల్లో చీర కొంగు కుక్కుకుని కూర్చుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి:
కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత మా ఇంట్లో బోటు మాటెత్తితే ఒప్పుకోరు.

గట్టుమీద_గాలి:
అది 2019 సెప్టెంబరు 15నమ్మా, గోదారి వరద మీదుంది. ఆ మందం (నదిలో బాగా లోతైన చోటు) దగ్గర సుడుల సంగతి తెలిసినవాడెవడూ వరదలో అటు పోడు, పోకూడదు. మేలో వరదుండదు. అయినా లైఫ్ జాకెట్ వేసుకోండి, ఫొటో కోసం విప్పొద్దు.

పాతగోదారి:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. నదా, రిజర్వాయరా?

గట్టుమీద_గాలి:
నది. నది. నది. ఇంకేం పని లేదా మీకు? రేవులో నలుగురు బతుకుతుంటే కళ్లలో నిప్పులు పోసుకోవడమెందుకు?

పాతగోదారి:
కళ్లలో నిప్పులా? సరే, చెబుతాను వినండి. మాది దేవీపట్నం మండలం. కాంటూరు లెక్కల్లో, అంటే నేల ఎత్తు కొలతల్లో, ఇల్లు ముంపు అన్నారు, పొలంలో సగం ముంపు కాదన్నారు, ఆ మిగిలిన సగానికి ఇప్పుడు దారి లేదు. కిందటేడు మా మేనకోడలు పట్టుబడితే మీ బోటే ఎక్కాను. గైడు పాట ఆపి, మైకులో "కుడివైపు చూడండి, ఇక్కడ ఒకప్పుడు ఊరుండేది" అన్నాడు. అందరూ ఫోన్లు తీశారు. తర్వాత మళ్లీ పాట పెట్టాడు. నది అంటే వానొచ్చింది, మునిగింది, దేవుడి లీల అనుకుంటారు. రిజర్వాయరు అంటే ఎవరో కట్టారు, దానికోసం ఎవరో లేచిపోయారు అని ఒప్పుకోవాలి. అందుకే ఆ ఒక్క మాట పట్టుకు కూర్చున్నాను.

నిద్రలేని_ప్రయాణికుడు:
ఆ ఫోన్లు తీసినవాళ్లలో నేనూ ఉండి ఉంటాను. మాకూ అలాగే చెప్పారు.

గట్టుమీద_గాలి:
ఇది మొదటే చెప్పొచ్చు కదండీ. నేను ఓనర్నేం కాదు, పదకొండేళ్లుగా బోటు మీద పని. మా బావమరిదిదీ ముంపు ఊరే. పునరావాస ప్యాకేజీ డబ్బులు అప్పులకూ చెల్లెలి పెళ్లికీ పోయాయి, కాలనీలో పని లేదు, ఇప్పుడు మా బోటులోనే వంట చేస్తున్నాడు. రోజూ రెండుసార్లు వాళ్ల ఊరి మీదుగా పోతాడు. ఎప్పుడూ అటు చూడడు, ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంటాడు. మీరేమో ఎక్కొద్దంటున్నారు. వాడేం తినాలి?

పాతగోదారి:
ఎక్కొద్దని నేనెక్కడన్నాను? పైకెళ్లి చదువుకోండి. పేరు మార్చమన్నాను, మైకులో ఊళ్ల పేర్లు చెప్పమన్నాను. "ఒకప్పుడు ఊరుండేది" అంటే సరిపోదు.

గట్టుమీద_గాలి:
పేర్లు చెప్పమని గైడుకి నేను చెప్తాను. చెరువని మాత్రం చెప్పను.

పాతగోదారి:
చెరువే.

ఎండాకాలం_సెలవులు:
అన్నలూ, ఒక్క మాట. భోజనం బోటులోనే పెడతారా? నాన్నకు షుగరుంది, ఒంటిగంట దాటితే కళ్లు తిరుగుతాయి.

గట్టుమీద_గాలి:
బోటులోనేనండి. అందరితో పాటు లైన్లో నిలబడొద్దు, పన్నెండున్నరకి వంట దగ్గరికి వెళ్లి చెప్పండి, మా వాడు ముందే పెడతాడు.