నెల్లూరులో ఆరోగ్యశ్రీ తీసుకునే కిడ్నీ రాళ్ల డాక్టరు ఎవరన్నా ఉన్నారా?

కలిగిరి అబ్బాయి:
అన్నలూ అక్కలూ, ఒక సాయం కావాలి. మా నాయనకు 62 ఏళ్లు. నడుం పక్క నుంచి గజ్జల దాకా నొప్పి. కావలిలో స్కాన్ తీయిస్తే మూత్రనాళంలో 9 మిల్లీమీటర్ల రాయి అని వచ్చింది. నెల్లూరు పొగతోటలో ఒక డాక్టరుకు చూపించాం. ఆయన బాగానే చూశారు, ఆపరేషన్ చేయాలన్నారు. కౌంటర్లో కార్డు తీస్తే మాత్రం 'ఇక్కడ ఆరోగ్యశ్రీ లేదు' అనేశారు. చేతి డబ్బు పెట్టుకునే స్థితి కాదు మాది. రైస్ కార్డు ఉంది. కార్డు తీసుకునే డాక్టరు పేరు చెప్పండి, పుణ్యం ఉంటుంది.

కావలి వాసి:
ముందు ఇది చెప్పబ్బాయ్. చలిజ్వరం ఏమన్నా ఉందా? మూత్రం ఆగిందా? ఉంటే డాక్టరు కోసం వెతుకుతా కూర్చోవద్దు, ఈరోజే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకుపో. రాయి అడ్డంపడి చీము పడితే కిడ్నీకే ముప్పు.

కలిగిరి అబ్బాయి:
లేదన్నా. నొప్పి వస్తా పోతా ఉంది, అంతే.

మాజీ ఆరోగ్యమిత్ర:
అలాగైతే నిదానంగా చేసుకోవచ్చు తమ్ముడూ. నేను కొన్నేళ్లు ఆరోగ్యమిత్రగా, అంటే ఆసుపత్రిలో ఈ పథకం పేషెంట్ల పనులు చూసే మనిషిగా, పనిచేశాను కాబట్టి చెబుతున్నా. డాక్టరు పేరు అడిగితే నీకు దారి దొరకదు. ఈ పథకం డాక్టరును చూసి ఇచ్చేది కాదు, ఆసుపత్రిని చూసి ఇచ్చేది. అందులోనూ విభాగాన్ని చూసి. ఒక ఆసుపత్రికి ఎముకలకు అనుమతి ఉండి యూరాలజీకి, అంటే మూత్రనాళాల విభాగానికి, లేకపోవచ్చు. 'మా దగ్గర ఆరోగ్యశ్రీ ఉంది' అన్న మాట నమ్మి పోయి, తీరా ఆ విభాగానికి లేదంటే ఊరికే తిరిగొచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

ఇంకో సంగతి. పొగతోటలో సొంత క్లినిక్ పెట్టుకున్న డాక్టర్లు కొందరు వేరే పెద్ద ఆసుపత్రుల్లో కూడా ఆపరేషన్లు చేస్తారు. నువ్వు చూపించిన ఆయన్నే మొహమాటపడకుండా అడుగు: 'సార్, మీరు ఆరోగ్యశ్రీ కేసులు ఎక్కడ చేస్తారు?' అని. చేస్తుంటే చెబుతారు. కౌంటర్లో కూర్చున్న పిల్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు.

లేదంటే 104 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యి. జిల్లా పేరు, యూరాలజీ అని చెప్పి ఏ ఆసుపత్రులు ఉన్నాయో రాసుకో. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇది. 2024లో ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. బోర్డు మీద ఏ పేరున్నా కంగారు పడొద్దు, కార్డు అదే పనిచేస్తుంది.

ఆసుపత్రికి పోయాక మాత్రం జాగ్రత్త. గుమ్మంలో కనబడే ఓపీ కౌంటర్లో డబ్బు కట్టేసి చీటీ తీసుకోవద్దు. నేరుగా ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడని అడుగు. ఒకసారి నగదు పేషెంటుగా రాసుకున్నాక దాన్ని మార్పించడం పెద్ద తలనొప్పి. ఆధార్, రైస్ కార్డు, కావలి స్కాన్ ఫిల్ముతో సహా పట్టుకుపో. వాళ్లే ఆన్‌లైన్లో అనుమతికి పంపుతారు. అది వచ్చాకే ఆపరేషన్.

అనుమతి వచ్చాక పరీక్షలు, మందులు, భోజనం అన్నీ ప్యాకేజీలోనివే. ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు, బస్ ఛార్జీ కూడా ఇవ్వాలి. డిశ్చార్జి నాడు ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. బస్ ఛార్జీ గడిలో అంకె వేసి ఉందో లేదో చూసి, డబ్బు చేతిలో పడ్డాక పెట్టించు. చిన్న మొత్తమే అయినా నీది నీకు రావాలి కదా.

ఒంగోలు టీచరమ్మ:
పెద్దాసుపత్రి మాటే ఎవరూ ఎత్తరేం? నెల్లూరులో దర్గామిట్ట సర్వజన ఆసుపత్రి, మా ఒంగోలులో రిమ్స్. ఏ రోజుల్లో యూరాలజీ ఓపీ ఉంటుందో కనుక్కుని పోతే అయిపోయె. పైగా కొన్ని ఆపరేషన్లు ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు, ప్రైవేటులో కార్డు మీద చేయరు.

మాజీ ఆరోగ్యమిత్ర:
నిజమే మేడమ్, చెప్పాల్సింది. ప్రభుత్వం ఇవ్వాల్సిన బకాయిల గొడవ వచ్చినప్పుడల్లా ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేస్తాయి, 2025 అక్టోబరులోనూ ఆపాయి. అప్పుడు దిక్కు పెద్దాసుపత్రే. కాకపోతే రద్దీ, వంతు కోసం ఎదురుచూపు ఉంటాయి. జ్వరం లేని రాయి కాబట్టి తట్టుకోవచ్చు. బయలుదేరే ముందు 'ఇప్పుడు కేసులు తీసుకుంటున్నారా' అని మాత్రం ఫోన్లో అడిగి బస్సెక్కండి.

చీమకుర్తి క్వారీ:
మధ్యలో నా సందేహం. నాకు జీతంలో ఈఎస్ఐ కోస్తారు. మాక్కూడా ఇదేనా?

ఒంగోలు టీచరమ్మ:
మీది వేరే దారి. మీ డిస్పెన్సరీకి పోయి రిఫరల్ రాయించుకోవాలి. అత్యవసరం కానప్పుడు అది లేకుండా పెద్ద ఆసుపత్రికి పోతే బిల్లు మీ నెత్తినే. మా ఉద్యోగుల హెల్త్ కార్డు అయితే ఇంకో కథ, దాని ఆసుపత్రులు కూడా 104లోనే చెబుతారు.

కలిగిరి అబ్బాయి:
పొగతోట డాక్టరు గారినే అడిగాం. తను పోయే ఇంకో ఆసుపత్రి పేరు చెప్పారు, అక్కడ యూరాలజీకి కార్డు ఉందని 104లో కూడా అన్నారు. సోమవారం పోతున్నాం. అక్కా, రైస్ కార్డులో నాయన పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. ఇబ్బందా?

మాజీ ఆరోగ్యమిత్ర:
ఒక అక్షరం తేడా అయితే మిత్రకు ముందే చూపించు, సర్దుతారు. పేరే మారిపోతే ఈ లోపే మీ ఊరి సచివాలయంలో సరిచేయించు. ఇంకోటి, రాయి తీశాక లోపల స్టెంట్ అని సన్నని గొట్టం పెట్టొచ్చు. కొన్ని వారాల తర్వాత దాన్ని తీయించాలి. నొప్పి తగ్గింది కదాని మర్చిపోయి అలాగే ఉంచుకుంటే దాని మీదే రాయి పేరుకుని కిడ్నీ చెడుతుంది. ఎప్పుడు తీస్తారో డిశ్చార్జి చీటీ మీద తేదీ వేయించు. తీయడానికి మళ్లీ డబ్బు అడుగుతారా అన్నది కూడా ఆపరేషన్‌కు ముందే మిత్ర ఎదుట తేల్చుకో.