సెట్‌టాప్ బాక్సులో బాగుంది, కంప్యూటర్లో గళ్లు పడుతున్నాయి: ఫ్రీ డిష్ సందేహం

ప్రశ్న (తిరువాన్మియూర్, చెన్నై): అందరికీ నమస్కారం. టీవీ కింద చిన్న కంప్యూటర్ పెట్టి, యూఎస్‌బీ డీవీబీ-ఎస్2 ట్యూనర్‌తో (డిష్ సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందించే చిన్న పరికరం) డీడీ ఫ్రీ డిష్ చూస్తున్నాం. ఛానళ్లు పట్టే టీవీహెడ్‌ఎండ్, వాటిని తెర మీద చూపే కోడి అనే సాఫ్ట్‌వేర్లు వేశాను. అమ్మానాన్నలకి సప్తగిరి, యాదగిరి ఉండాల్సిందే, వాళ్ల కోసమే ఈ ఏర్పాటు. సిగ్నల్ బలం ఎప్పుడు చూసినా 80 శాతం పైనే ఉంటుంది. అయినా కొన్ని ఛానళ్లలో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది, మాట మధ్యలో తెగిపోతుంది. అదే డిష్ వైరు సెట్‌టాప్ బాక్సుకి పెడితే ఏ గొడవా లేదు. వైర్లు బిగించే అబ్బాయి యాంప్లిఫయర్ వేద్దామంటున్నాడు. వేయించమంటారా?

జవాబు (ఆవడి): వద్దండీ. రొదలో మాట వినపడటం లేదని మైకు పెంచితే రొద కూడా పెరుగుతుంది. బలం సంగతి వదిలేయండి, నాణ్యత చూడాలి. టీవీహెడ్‌ఎండ్ స్టేటస్ పేజీలో ఎస్ఎన్ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత ఉందో), అన్‌కరెక్టెడ్ బ్లాక్స్ (సరిదిద్దలేకపోయిన డేటా ముక్కలు), కంటిన్యుటీ ఎర్రర్స్ (వరుసలో తప్పిపోయిన ముక్కలు) అని మూడు ఉంటాయి. గళ్లు పడేటప్పుడు అన్‌కరెక్టెడ్ బ్లాక్స్ పెరుగుతుంటే లోపం డిష్‌కీ ట్యూనర్‌కీ మధ్య ఉంది. అవి సున్నా దగ్గరే ఆగి, కంటిన్యుటీ ఎర్రర్స్ మాత్రమే పెరుగుతుంటే సిగ్నల్ బాగానే ఉన్నట్టు. అప్పుడు యూఎస్‌బీ పోర్టునో, కంప్యూటర్నో చూసుకోవాలి. ఇంకోటి, ఏ ఛానళ్లు పోతున్నాయో కాదు, అవి ఏ ఫ్రీక్వెన్సీలో ఉన్నాయో రాసి పంపండి. అసలు జాడ అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు: చూశానండీ. అన్‌కరెక్టెడ్ బ్లాక్సే పెరుగుతున్నాయి. 11090, 11170 మెగాహెర్ట్జ్‌లోవి శుభ్రంగా ఉన్నాయి. 11590లోవి మాత్రం దాదాపు ఎప్పుడూ పగులుతున్నాయి. గోడ సాకెట్ నుంచి ట్యూనర్‌కి, నెట్టి పెట్టే పిన్ను ఉన్న సన్న వైరు వాడుతున్నాను. బాక్సుకి మాత్రం మరతిప్పే కనెక్టరు ఉన్న లావు వైరు.

జవాబు (ఆవడి): మీ చుట్టుపక్కల డాబా మీద సెల్ టవర్ ఉందా? ఎందుకు అడుగుతున్నానంటే, డిష్ ముందు కొమ్మకి ఉండే ఎల్ఎన్‌బీ (సిగ్నల్ పట్టే చిన్న పెట్టె) వచ్చిన ఫ్రీక్వెన్సీలోంచి 9750 తీసేసి వైరులోకి పంపుతుంది. 11590 నుంచి 9750 తీసేస్తే 1840 మెగాహెర్ట్జ్. 1800 బ్యాండ్‌లో సెల్ టవర్లు ఫోన్లకి పంపేది 1805 నుంచి 1880 వరకు. రెండూ ఒకేచోట పడ్డాయి చూడండి! 11090 అయితే 1340 దగ్గరికి వస్తుంది, అక్కడ ఆ బెడద లేదు. సన్న వైరుకి లోపలి తీగని కాపాడే లోహపు అల్లిక పలచగా ఉంటుంది, పిన్ను వదులుగా ఉంటుంది, టవర్ సిగ్నల్ ఆ సందులోంచే దూరుతుంది. ముందు బాక్సు వైరు తీసి ట్యూనర్‌కి పెట్టి చూడండి. పైసా ఖర్చు లేదు.

జవాబు (మాంబళం): అన్న చెప్పింది సరైన దారి. రిచీ స్ట్రీట్‌లో మంచి ఆర్‌జీ-6 వైరు (లావు డిష్ కేబుల్), పనిముట్టుతో నొక్కి బిగించే కంప్రెషన్ రకం ఎఫ్ కనెక్టర్లు (మరతిప్పేవి) దొరుకుతాయి. వైరు మీదికి చేత్తో తిప్పి బిగించేవి కొనకండి, నాలుగు నెలలకే వదులవుతాయి. ట్యూనర్‌ని యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు పక్కన పెట్టొద్దు, పొడిగింపు వైరుతో అడుగు దూరం జరపండి. ఒకే వైరుని స్ప్లిటర్‌తో చీల్చి బాక్సుకీ ట్యూనర్‌కీ ఇవ్వాలనే ఆలోచన ఉంటే మానుకోండి. ఎల్ఎన్‌బీకి కరెంటు ఆ వైరులోంచే వెళ్తుంది, రెండు పెట్టెలూ ఒకేసారి పంపితే ఇబ్బందే. ట్విన్ ఎల్ఎన్‌బీ (రెండు వైర్లు పెట్టే వీలున్నది) వేసి రెండు వైర్లు లాగించండి.

ప్రశ్న అడిగినవారు: టవర్ ఎదురు డాబా మీదే ఉందండీ. బాక్సు వైరు ట్యూనర్‌కి పెట్టగానే 11590 కూడా నిలబడింది, అన్‌కరెక్టెడ్ బ్లాక్స్ కదలడం లేదు. కొత్త వైరు రేపు తెస్తాను. వాన పడినప్పుడు మాత్రం అన్నీ కలిసి బలహీనపడతాయి. దానికీ ఈ వైరే కారణమా?

జవాబు (మాంబళం): కాదండీ. అన్నీ ఒకేసారి తగ్గితే డిష్ వైపు చూడాలి. ఫ్రీ డిష్ వచ్చే ఉపగ్రహం జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పున. చెన్నై నుంచి అది ఆగ్నేయంగా, దాదాపు 68 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, కాబట్టి పక్క ఇళ్లు అడ్డు రావడం అరుదు. చాలామంది వదిలేసేది ఎల్ఎన్‌బీ తిప్పుడు, అంటే దాన్ని ఉన్నచోటే పక్కకి ఎంత తిప్పి బిగించాలన్నది. మన ఊరికి అది సుమారు 45 డిగ్రీలు, నిటారుగా బిగిస్తే సగం సిగ్నల్ నష్టపోతాం. ఒకరు కింద ఎస్ఎన్ఆర్ చదువుతుంటే ఒకరు పైన మెల్లగా తిప్పండి. మీది సముద్రం పక్కన కదా, ఎల్ఎన్‌బీ దగ్గరి కనెక్టరు విప్పి తుప్పు ఉందేమో చూసి, రబ్బరు తొడుగు వేయండి. వైరుని కింద ఒక వంపు తిప్పి పైకి ఎక్కించండి, నీళ్లు అక్కడే కారిపోతాయి. ఇవన్నీ చేశాక కూడా కుండపోతలో పోతుంటే డిష్ 60 సెంటీమీటర్ల నుంచి 90కి మార్చడమే. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక తడి డాబా ఎక్కకండి, సెప్టెంబరులోనే పని ముగించండి.