60 దాటిన అందరూ భోజనంతో ఎంజైము మాత్ర వేసుకోవాలా?

పచ్చనాకు:
నా వాదన ఇది. వయసుతో క్లోమం (పొట్ట వెనక ఉండి, తిండిని అరిగించే ఎంజైముల రసం ఊరించే గ్రంథి) కుంచించుకుపోతుంది, దానిలో కొవ్వు పేరుకుంటుంది, స్రావం తగ్గుతుంది. దీన్ని కాదనేవారు లేరు. పైగా పుట్టుకతో వచ్చే ఎంజైముల నిల్వ ఇంతేనని, వండిన తిండి దాన్ని తొందరగా ఖర్చు పెట్టిస్తుందని ఒక సిద్ధాంతం ఉంది. తిన్నది అరగకపోతే ఒంటికి పట్టదు. ఒంటికి పట్టకపోతే కండ తరుగుతుంది, ఎముక పలచబడుతుంది. కాబట్టి 60 దాటినవారంతా భోజనంతో ఒక మాత్ర వేసుకోవడమే మేలంటాను. నష్టమేముంది?

కణజాలం:
పచ్చనాకు గారూ, మీరు రెండు మాటలు కలిపి చెప్పారు. క్లోమం కుంచించుకుపోతుందన్నది నిజం. నిల్వ సిద్ధాంతం మాత్రం నిలవదు. ఎంజైములు ప్రోటీన్లు. వాటి నమూనా జన్యువుల్లో ఉంటుంది. మనం తిన్న ప్రోటీనులోని అమైనో ఆమ్లాలతో క్లోమ కణాలు వాటిని రోజూ కొత్తగా తయారుచేస్తాయి. క్లోమరసం రోజుకు లీటరు, లీటరున్నర దాకా ఊరుతుంది. తిండిలో కొవ్వు పెరిగితే కొన్నాళ్లకు దాన్ని అరిగించే లైపేజ్ తయారీ పెరుగుతుంది, పిండిపదార్థం పెరిగితే దాన్ని అరిగించే అమైలేజ్ పెరుగుతుంది. పని ముగిసిన ఎంజైము కూడా పేగులోనే ముక్కలై తిరిగి అమైనో ఆమ్లాలుగా ఒంట్లోకి చేరుతుంది. తరిగిపోయే ఖజానా ఎక్కడా లేదు.

ఇక తగ్గుదల. క్లోమానికి ఉన్న మిగులు చాలా పెద్దది. లైపేజ్ స్రావం మామూలులో 10 శాతం కంటే దిగువకు పడేదాకా మలంలో కొవ్వు కనపడదని 1973లోనే కొలిచి చూపారు. సగానికి తగ్గినా అరుగుదల నడుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్లో వయసు వల్ల వచ్చే తగ్గుదల సాధారణంగా ఆ గీత దాకా పోదు.

పచ్చనాకు:
నిల్వ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఇంకొక మాట ఉంది: వృద్ధుల్లో క్లోమ లోపం, అంటే ఎంజైములు చాలినంత ఊరకపోవడం, గుర్తింపులేకుండా పోతోంది. బరువు తగ్గితే ‘వయసు’ అంటారు, పొట్ట ఉబ్బితే ‘గ్యాస్’ అంటారు. పరీక్ష ఎవరూ రాయరు. పచ్చి కూరలు, పండ్లలోని ఎంజైములైనా కొంత సాయం చెయ్యవా?

మందులపెట్టె:
మొక్కలోని ఎంజైములు ఆ మొక్క పనులకు పుట్టినవి. వాటిలో ఎక్కువభాగం పొట్టలో ఆమ్లానికి, పెప్సిన్‌కు (ప్రోటీన్లను అరిగించే పొట్ట ఎంజైము) తట్టుకోలేవు. అలాగని ‘మింగిన ఎంజైములన్నీ పొట్టలోనే చస్తాయి’ అని కొట్టిపారేయడమూ తప్పే. ఏ ఎంజైము, ఎక్కడ పనిచెయ్యాలి, అక్కడి దాకా బతికి చేరుతుందా అని విడివిడిగా చూడాలి.

ఉదాహరణకు లాక్టేజ్ సంగతి చూడండి, పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము అది. ప్రపంచ జనాభాలో సుమారు మూడింట రెండు వంతుల మందికి పసితనం దాటాక అది తగ్గుతుంది. ఇది జన్యువుల వల్ల జరిగేది, ముసలితనపు లక్షణం కాదు. చాలామంది ఒక్కసారికి 12 గ్రాముల లాక్టోజ్, అంటే సుమారు ఒక కప్పు పాలు, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. తట్టుకోలేనివారికి బూజుల నుంచి తీసిన లాక్టేజ్ మాత్ర, 3,000 నుంచి 9,000 యూనిట్లు, మొదటి గుక్కతోనే పడాలి. పాలు తాగిన గంటకు వేసుకుంటే లాక్టోజ్ అప్పటికే దిగువ పేగుకు జారి ఉంటుంది. పప్పుధాన్యాల వల్ల వచ్చే ఉబ్బరానికి ఆల్ఫా గెలాక్టోసిడేజ్ మాత్ర కొందరికి పనికొస్తుంది. మన పేగు ఎప్పుడూ తయారుచెయ్యని ఎంజైము అది.

క్లోమ లైపేజ్ సంగతి వేరు. పీహెచ్ (పులుపు కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 కంటే దిగితే అది శాశ్వతంగా పాడవుతుంది. అందుకే మందుగా ఇచ్చే గుళికలో చిన్నచిన్న పూసలకు పూత వేస్తారు. పీహెచ్ 5.5 దాటాక, అంటే చిన్నపేగులో, ఆ పూత కరుగుతుంది. పూతలేని మిశ్రమ మాత్రలో ‘ప్యాంక్రియాటిన్ (క్లోమ ఎంజైముల మిశ్రమం) 500 మిల్లీగ్రాములు’ అని ఉంటే దాని సత్తువ గురించి ఏమీ తెలియదు. బరువు చూడకండి, లైపేజ్ యూనిట్లు ఎన్నో చూడండి.

కణజాలం:
‘నష్టమేముంది’ అన్న ప్రశ్న దగ్గర ఆగాలి. నాకు ఎక్కువ భయం అక్కడే. 60 దాటినవారిలో కొత్తగా బరువు తగ్గడం, జిడ్డుగా తేలే పాలిపోయిన మలం, ఉన్నట్టుండి వచ్చిన మధుమేహం కలిసి కనపడితే క్లోమ క్యాన్సరు కూడా అనుమానించాలి. సీలియాక్ వ్యాధి (గోధుమలోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు పొర దెబ్బతినే జబ్బు), చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరగడం కూడా ఇలాంటి లక్షణాలతోనే వస్తాయి. దుకాణంలో కొన్న మాత్రతో ఉబ్బరం కాస్త నెమ్మదిస్తే అసలు రోగం నెలల తరబడి దాక్కుంటుంది.

మలంలో ఎలాస్టేజ్ (క్లోమం ఊరించే మరొక ఎంజైము) ఎంతుందో చూసే పరీక్ష తేలికైనది. గ్రాముకు 200 మైక్రోగ్రాములు దాటితే లోపం ఉండే అవకాశం తక్కువ. 100 కంటే తక్కువైతే గట్టి అనుమానం. మధ్యలో ఉంటే మళ్లీ చెయ్యాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: నీళ్లలా పోయిన మలం ఇస్తే పలచబడి అంకె అసలుకంటే తక్కువగా కనపడుతుంది. గట్టి నమూనాయే ఇవ్వాలి. పంది క్లోమం నుంచి తీసిన మందు వాడుతున్నా ఈ పరీక్ష చెడదు. అది మనిషి ఎలాస్టేజ్‌నే పట్టుకుంటుంది.

వయసు గురించి ఇంకొక మాట. పెద్దవాళ్ల అరుగుదలలో క్లోమం కంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి: నమలడానికి పళ్లు సరిగ్గా ఉన్నాయా, పొట్ట పొర పలచబడి ఆమ్లం తగ్గిందా, మలబద్ధకం తెచ్చే మందులు ఏవైనా నడుస్తున్నాయా. ఆమ్లం, పెప్సిన్ తగ్గితే తిండిలోని బీ12 విడిపడదు. దానికి ఎంజైము మాత్ర వెయ్యడం కంటే రక్తంలో బీ12 చూడటం సరైన దారి.

పచ్చనాకు:
ఒకరికి ఎలాస్టేజ్ పరీక్షలో 80 వచ్చింది, వైద్యులు ఎంజైము రాశారు, రెండు వారాలైనా మార్పు లేదు. ఇలాంటప్పుడు ‘పనిచెయ్యదు’ అని మానేసేవాళ్లే ఎక్కువ. ఎక్కడ తప్పుతుంది?

మందులపెట్టె:
ఎక్కువసార్లు తప్పు వేసుకునే తీరులో ఉంటుంది. పెద్దవాళ్లకు మామూలుగా భోజనానికి 40,000 నుంచి 50,000 లైపేజ్ యూనిట్లు, చిరుతిండికి 25,000తో మొదలుపెడతారు. మొదటి ముద్దతో ఒక గుళిక, మిగతావి భోజనం మధ్యలో వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే పూసలు తిండితో కలిసి ప్రయాణించవు. వేడి పానీయంతో మింగితే, ఎండ తగిలేచోట నిల్వపెడితే సత్తువ పోతుంది. గుళికలను 25 డిగ్రీల లోపు ఉంచాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మలంలో జిడ్డు తగ్గకపోతే వైద్యులు మోతాదు పెంచుతారు. తర్వాత ఆమ్లం తగ్గించే మందు జోడిస్తారు. క్లోమం నుంచి ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ చాలకపోతే చిన్నపేగు మొదటిభాగం పుల్లగానే ఉండిపోయి పూత ఆలస్యంగా కరుగుతుంది. అప్పటికీ తగ్గకపోతే పేగులో బ్యాక్టీరియా పెరిగిందేమో వెతకాలి. కొవ్వు మానేసి తినడం పాతకాలపు సలహా. అలా చేస్తే బరువు ఇంకా పడిపోతుంది. కొవ్వుతోపాటే ఒంటికి పట్టే ఏ, డీ, ఈ, కే విటమిన్లు రక్తంలో చూసుకోవాలి.

హద్దు కూడా ఉంది. రోజుకు శరీర బరువు కిలోకు 10,000 లైపేజ్ యూనిట్లు దాటకూడదు. 1990ల తొలినాళ్లలో సిస్టిక్ ఫైబ్రోసిస్ (క్లోమాన్ని, ఊపిరితిత్తులను దెబ్బతీసే పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లలకు మితిమీరిన మోతాదులు ఇచ్చినప్పుడు పెద్దపేగు గట్టిపడి ఇరుకైన సందర్భాలు బయటపడ్డాయి. ఆ తర్వాతే ఈ హద్దు వచ్చింది.

సొంతంగా కొనే మిశ్రమాల గురించి రెండు హెచ్చరికలు. రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ వాడేవారు బ్రొమెలైన్ (అనాసపండు ఎంజైము), పపైన్ (బొప్పాయి ఎంజైము) ఉన్న మాత్రలకు దూరంగా ఉండాలి, రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. మధుమేహానికి, పిండిపదార్థం అరుగుదలను నెమ్మదింపజేసే అకార్బోజ్ వాడేవారు అమైలేజ్ మాత్ర వేసుకుంటే, ఆ మందు ఆపాలని చూసే పనినే ఈ మాత్ర చేసిపెడుతుంది.

పచ్చనాకు:
అయితే నా మాట ఇలా మార్చుకుంటాను: అందరికీ మాత్ర వద్దు. కారణం తెలియకుండా బరువు తగ్గే ప్రతి పెద్ద మనిషికీ ఎలాస్టేజ్ పరీక్ష మాత్రం జరగాలి. దీనికైనా ఒప్పుకుంటారా?

కణజాలం:
ఒప్పుకుంటాను. దానితోపాటు సీలియాక్ రక్తపరీక్ష, పొట్ట స్కాను గురించీ వైద్యుణ్ణి అడగాలి. ఎలాస్టేజ్ మామూలుగా వచ్చినంత మాత్రాన వెతకడం ఆపకూడదు.

చెంచాపాలు:
ఒక ప్రశ్న. గుళిక మింగలేని వృద్ధులకు నలిపి పెట్టవచ్చా?

మందులపెట్టె:
నలపకూడదు, పూత పోతుంది. గుళిక తెరిచి పూసలను ఒక చెంచా పుల్లని పండ్ల గుజ్జులో, పీహెచ్ 4.5 లోపు ఉన్నదానిలో, కలిపి వెంటనే మింగించండి. పాలలో కలిపితే పూత ముందే కరిగిపోవచ్చు. నమలనివ్వకుండా, వెనకే నీళ్లు పట్టించి, చిగుళ్లకూ చెంపకూ మధ్య, కట్టుడుపళ్ల కింద పూసలేమైనా మిగిలాయేమో చూడండి. అక్కడ ఉండిపోతే నోటిపొరనే అరిగించి పుండ్లు చేస్తాయి.