గ్లాస్గోలో స్థిరపడిన ఐరిష్ కుటుంబం: పూర్వీకుల కోసం ఎక్కడ వెతకాలి?

గ్లాస్గో కోడలు:
మాది తెనాలి. పెళ్లయ్యాక గ్లాస్గోలో ఉంటున్నాను. మా అత్తగారికి వచ్చే ఏడు ఎనభై నిండుతాయి. ఆ రోజుకి ఆవిడ పుట్టింటి వంశవృక్షం రాయించి చేతికివ్వాలని నా కోరిక. ఆవిడ ముత్తాత 1880ల్లో పెళ్లయిన కొత్తలో ఐర్లండ్‌లోని డొనెగల్ నుంచి రేవు పనికి ఇక్కడికి వచ్చారట. తాతగారు గ్లాస్గోలోనే పుట్టారు. ఇంటిపేరు గల్లహర్. ఊరి పేరు మాత్రం ఎవరికీ తెలీదు. డొనెగల్‌లో ఎటు చూసినా ఆ ఇంటిపేరువాళ్లే, చూస్తుంటేనే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎడిన్‌బరో బాబాయ్:
అమ్మా, అప్పుడే ఐర్లండ్ జోలికి వెళ్లకండి. ముందు గ్లాస్గో కాగితాలు పట్టుకోండి. స్కాట్లండ్‌లో 1855 నుంచి జనన మరణాల నమోదు తప్పనిసరి. స్కాట్లండ్స్‌పీపుల్ సైట్‌లో తాతగారి జనన నమోదు తీయండి. పేరు వెతకడం ఉచితమే, పేజీ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. అందులో తల్లిదండ్రుల పేర్ల దగ్గర వాళ్ల పెళ్లి ఏ తేదీన, ఎక్కడ జరిగిందో కూడా రాసి ఉంటుంది. ఇంగ్లండ్ కాగితాల్లో ఈ వివరం ఉండదు. పెళ్లి డొనెగల్‌లో అయ్యుంటే మీ పని సగం అయినట్టే.

తర్వాత ముత్తాతగారి మరణ నమోదు చూడండి. ఆయన తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా దొరుకుతాయి. ఆ వివరాలు ఎవరు చెప్పి రాయించారో కింద ఉంటుంది. కొడుకైతే సరే, పక్కింటాయనైతే ఇంకో కాగితంతో సరిచూసుకోండి.

గ్లాస్గోలో ఈ ఇంటిపేరుని గల్లఖర్ అని కూడా రాసేవారు. రెండు రకాలుగానూ వెతకండి. జనాభా లెక్కల మీద మరీ ఆశ పెట్టుకోవద్దు, పుట్టిన చోటు దగ్గర చాలాసార్లు ఉత్త ‘ఐర్లండ్’ అని రాసి వదిలేశారు. కష్టకాలంలో సాయం కోరినవాళ్ల అర్జీలు గ్లాస్గోలోని మిచెల్ లైబ్రరీలో ఉన్నాయి. పుట్టిన ఊరు వాటిలో దొరకొచ్చు.

డబ్లిన్ నర్స్:
బాబాయ్ గారు చెప్పింది నిజం. ఊరు తెలియకపోతే ఇక్కడ అడుగు ముందుకు పడదు. 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల ఆవరణలో ఉన్న రికార్డుల భవనం కాలిపోయి, ఎన్నో పాత కాగితాలు బూడిదయ్యాయి. దేశం మొత్తానికి మిగిలిన జనాభా లెక్కల్లో అన్నిటికన్నా పాతవి 1901వి, ఆ తర్వాత 1911వి. రెండూ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం. 1911 ఫారం తెరిస్తే ఇంటిపెద్ద సంతకం కనిపిస్తుంది. ఇల్లాలికి పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు, అన్నీ అడిగారు. చదువుతుంటే నాకైతే కళ్లు చెమర్చాయి. మీ ముత్తాతగారు వెళ్లిపోయినా, ఊళ్లో ఉండిపోయిన అన్నదమ్ములు అందులో దొరకొచ్చు.

గ్లాస్గో కోడలు:
జనన నమోదు దొరికింది! పెళ్లి 1884లో, గ్లెంటీస్‌లో. అత్తగారికి ఇంకా చెప్పలేదు.

డబ్లిన్ నర్స్:
చాలా సంతోషం! గ్లెంటీస్ ఊరి పేరే కాదు, చుట్టుపక్కల పల్లెలన్నీ కలిసిన రిజిస్ట్రేషన్ జిల్లా పేరు కూడా. అందుకని ఐరిష్‌జీనియాలజీ సైట్‌లో ఆ పెళ్లి నమోదు పేజీ తీయండి, అదీ ఉచితమే. వధూవరులు అప్పుడుంటున్న చోటు, ఇద్దరి తండ్రుల పేర్లు, వాళ్ల వృత్తులు ఉంటాయి. ఆ పల్లె పేరు పట్టుకుని 1901 లెక్కల్లో ఇంటింటికీ చూసుకుంటూ వెళ్లండి.