పల్లెలో ఇంటి నెట్‌కు ఎయిర్‌ఫైబరా, రేడియో డిషా, శాటిలైట్ వచ్చేదాకా ఆగాలా?

దామలచెరువు నుంచి:
అందరికీ నమస్కారం. మాది దామలచెరువుకు దగ్గర్లో ఒక పల్లె. మా ఆవిడ బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. రోజూ వీడియో మీటింగులు, ఆఫీసు వీపీఎన్ (కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే రక్షణ ఉన్న దారి). ఇప్పుడున్నది కరెంటు స్తంభాల మీదుగా వచ్చే కేబుల్ నెట్. ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. కానీ గాలి గట్టిగా వీచినా, ఎత్తుగా లోడు వేసిన మామిడికాయల లారీ తగిలినా వైరు తెగుతుంది. అతికించే మనిషి వచ్చేదాకా ఆమెకు ఒకటే టెన్షన్. ఫోన్ హాట్‌స్పాట్‌తో ఎన్ని రోజులని నెట్టుకొస్తుంది?

మా ముందు మూడు దారులున్నాయి. 5జీ ఎయిర్‌ఫైబర్ అని ఒక ఏజెంటు వెంటపడుతున్నాడు. పాకాల వైపు ఒక లోకల్ ఆపరేటర్ మిద్దె మీద చిన్న డిష్ పెట్టి ఇస్తానంటున్నాడు. ఇంకొందరేమో శాటిలైట్ నెట్ వస్తుంది, ఆగమంటున్నారు. ఏజెంటు, ఆపరేటర్ ఇద్దరూ ఏడాది డబ్బు ఒకేసారి కడితే తగ్గిస్తామంటున్నారు. మా మామగారికి అక్కడే అనుమానం. ఒకప్పుడు ఆయన వైమ్యాక్స్ అని, వైరు లేకుండా నెట్ ఇచ్చే పెట్టె కొంటే, కొన్నాళ్లకు ఆ సేవే ఆగిపోయి పెట్టె అటక ఎక్కింది. ఇప్పుడు కొనేది కూడా అలాగే అవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

తిరుపతి నుంచి, నెట్‌వర్క్ పని చేస్తాను:
అన్నా, టెక్నాలజీ పేరు పక్కన పెట్టి ముందు మీ మిద్దె ఎక్కండి. అక్కడి నుంచి ఏ టవర్ కంటికి కనిపిస్తుంది? ఎంత దూరం? ఆ లోకల్ ఆపరేటర్ స్తంభం ఎటువైపు ఉంది, మధ్యలో ఏముంది? ఇవి చెప్పకుండా ఎవరేం చెప్పినా గాల్లో మాటే.

దామలచెరువు నుంచి:
తూర్పున ఒక టవర్ స్పష్టంగా కనిపిస్తుంది అన్నా, కిలోమీటరున్నర ఉంటుంది. ఏజెంటు చెప్పే కంపెనీ దానిదే. ఇంకో కంపెనీ టవర్ గుట్ట వెనక ఉంది, కనపడదు. ఆపరేటర్ స్తంభం మూడు కిలోమీటర్లు. దాని పైకొస కనిపిస్తుంది, కానీ మధ్యలో అంతా మామిడి తోపులే.

చిత్తూరు నుంచి:
నేను మా గోడౌన్‌లో రేడియో డిష్ నెట్ వాడుతున్నాను. తక్కువ చేసి మాట్లాడకండి, పింగ్ (అడిగింది వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం) 10 మిల్లీసెకన్ల లోపే వస్తుంది, అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్‌తో సమానం. సీసీ కెమెరాలు బయటి నుంచి చూసుకోవడానికి ఆపరేటర్ పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరగలిగే నెట్ చిరునామా కూడా ఇచ్చాడు. పెద్ద కంపెనీలో అలా అడిగితే పలికే దిక్కుండదు. మాకు స్తంభానికీ డిష్‌కూ మధ్య ఏ అడ్డూ లేదు, అది మాత్రం నిజం.

తిరుపతి నుంచి, నెట్‌వర్క్ పని చేస్తాను:
చిత్తూరు అన్న చెప్పింది సరైన మాట. అడ్డు లేకపోతే ఆ రేడియో లింకు చాలా మంచిది. దామలచెరువు అన్న ఇంటి పరిస్థితే వేరు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

లోకల్ ఆపరేటర్లు వాడేది 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్, అంటే ఆ చుట్టుపక్కల రేడియో తరంగాల పట్టీ. మన ఇంట్లో వైఫై వాడేదీ అదే. 2018లో కేంద్రం ఈ బ్యాండ్‌లో చాలా భాగాన్ని లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది. స్పెక్ట్రమ్‌కు కోట్లు కట్టే పని లేదు కాబట్టే చిన్న ఆపరేటర్ కూడా ఒక స్తంభం, నాలుగు రేడియోలతో ఊరికి నెట్ ఇవ్వగలుగుతున్నాడు. ఇది మన పల్లెలకు పెద్ద మేలు. కాకపోతే లైసెన్సు లేని బ్యాండ్‌కు రక్షణ కూడా లేదు. రేపు ఇంకొకడు అదే దిక్కుకు అదే ఛానెల్‌లో రేడియో పెడితే ఇద్దరి వేగమూ పడిపోతుంది, ఫిర్యాదు చేసే చోటు లేదు.

చెట్ల సంగతి ఇంకా ముఖ్యం. స్తంభం కొస కంటికి కనిపిస్తే చాలదు. తరంగానికి ఆ చూపు గీత చుట్టూ కూడా ఖాళీ కావాలి. ఈ బ్యాండ్‌లో మూడు కిలోమీటర్ల లింకుకు సరిగ్గా నడిమధ్యలో చుట్టూ ఆరు మీటర్ల దాకా ఆ ఖాళీ ఉండాలని లెక్క. కనీసం అందులో సగానికి పైగా ఖాళీ లేకపోతే లింకు తడబడుతుంది. మామిడి ఆకు దట్టం, నీళ్లున్న ఆకు ఈ తరంగాన్ని బాగా పీల్చేస్తుంది. ఇవాళ బిగించినప్పుడు బాగుండి, కొత్త చిగుళ్లు వేసి కొమ్మలు పెరిగాక మొరాయిస్తుంది. వాన పడితే ఆగుతుందని చాలామంది అంటారు కానీ, ఈ బ్యాండ్‌లో రెండు మూడు కిలోమీటర్లకు వాన వల్ల పోయేది చాలా తక్కువ. వానకు ఆగిందంటే తడిసిన కనెక్టరో, గాలికి పక్కకు తిరిగిన డిషో, తడిసిన ఆకులో కారణం. మీకు ఆ డిష్ కావాలంటే మిద్దె మీద పొడవాటి పైపు నిలబెట్టాలి. నాకైతే అది మీకు రెండో దారే.

5జీ ఎయిర్‌ఫైబర్ విషయానికొస్తే, ఎయిర్‌టెల్ 2023 ఆగస్టులో, జియో అదే ఏడాది సెప్టెంబరులో మొదలుపెట్టాయి. అదే మొబైల్ 5జీ, ఫోన్‌కు బదులు ఇంటి బయట బిగించే పెద్ద యాంటెన్నా పెట్టె, అంతే. టవర్ నుంచి ఏ బ్యాండ్ అందుతుందో చూడటం ఇక్కడ అసలు కిటుకు. 3500 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఈ రెండు కంపెనీలకూ చెరో 100 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉంది. రోడ్డు వెడల్పు లాంటిదే ఇది, వేగమంతా దాంట్లోనే. జియోకు 700 బ్యాండ్ కూడా ఉంది. అది గోడలు దాటి దూరం వెళ్తుంది కానీ వెడల్పు 10 మెగాహెర్ట్జే. ఫోన్‌లో 5జీ గుర్తు రెండింటికీ ఒకేలా పడుతుంది. అందుకే గుర్తు చూసి డబ్బు కట్టకండి. సిగ్నల్ కొలిచే యాప్ పెట్టుకుని ఎన్78 (అంటే 3500 బ్యాండ్) అని ఉందా, ఎన్28 (అంటే 700 బ్యాండ్) అని ఉందా చూడండి.

ఏజెంటును ఇంకో మాట తప్పక అడగండి: ఇది 5జీనా, యూబీఆరా? జియో ఎయిర్‌ఫైబర్ పేరు మీదే 5 గిగాహెర్ట్జ్ రేడియో కనెక్షన్లూ ఇస్తుంది. వాటినే యూబీఆర్ అంటారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల్లో కూడా వాటిని 5జీ నుంచి విడిగా చూపిస్తున్నారు. పెట్టె యూబీఆర్ అయితే పైన చెట్ల గురించి చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది.

మీ మామగారి అనుమానం న్యాయమైనది, దానికి సరైన జవాబు కావాలి. వైమ్యాక్స్ పనికిరాని టెక్నాలజీ ఏమీ కాదు. 2005లోనే మొబైల్ వైమ్యాక్స్ ప్రమాణం వచ్చింది, ఇంటెల్ లాంటి కంపెనీ వెనకుంది, ఎల్‌టీఈ (మనం 4జీ అనేది) కన్నా ముందే మార్కెట్‌లోకి దిగింది. కానీ ఫోన్ నెట్‌వర్కులు నడిపే కంపెనీలన్నీ ఎల్‌టీఈ వైపు వెళ్లాయి. ఫోన్లలో ఏ చిప్ ఉంటే దాని ధర ఏటేటా పడిపోతుంది. ఇళ్లకు మాత్రమే వాడే పెట్టెకు ఆ సంఖ్య ఎక్కడి నుంచి వస్తుంది? మన దేశంలో 2010లో 2300 బ్యాండ్ వేలం జరిగినప్పుడు దాన్ని వైమ్యాక్స్‌కే వాడతారని చాలామంది అనుకున్నారు. దేశంలోని 22 టెలికాం సర్కిళ్లలోనూ గెలిచిన ఇన్ఫోటెల్ అనే కంపెనీని రిలయన్స్ కొని ఎల్‌టీఈ ఎంచుకుంది. అదే 2016లో జియో అయింది. అమెరికాలో వైమ్యాక్స్‌ను పెద్ద ఎత్తున నడిపిన స్ప్రింట్ కూడా 2012లో ఎల్‌టీఈకి మారింది.

ఆ లెక్కలో చూస్తే 5జీ ఎయిర్‌ఫైబర్‌కు వైమ్యాక్స్ గతి పట్టదని గట్టిగా చెప్పగలను. టవర్ ఎలాగూ ఫోన్ల కోసం నడుస్తుంది, మిగిలిన సామర్థ్యాన్ని ఇళ్లకు అమ్ముతున్నారు. అయితే ఒక ఇల్లు ఎన్నో ఫోన్లంత డేటా లాగుతుంది. టవర్ నిండితే సాయంత్రం అందరికీ వేగం పడిపోతుంది. అందుకే కొన్నిచోట్ల సిగ్నల్ బాగున్నా కొత్త కనెక్షన్ ఇవ్వరు. మీకు ఇస్తున్నారంటే ప్రస్తుతానికి చోటుందని అర్థం. వచ్చే ఏడాది ఎలా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వరు. ఏడాది డబ్బు ఒకేసారి కట్టొద్దనడానికి కారణం అదే.

భాకరాపేట నుంచి:
అన్నా, మాది ఘాట్ దగ్గర పల్లె. చుట్టూ కొండలు, ఫోన్ మాట్లాడాలన్నా రోడ్డు దాకా రావాలి. మీరు చెప్పిన రెండూ మాకు కుదరవు. శాటిలైట్ నిజంగా పనికొస్తుందా?

తిరుపతి నుంచి, నెట్‌వర్క్ పని చేస్తాను:
అక్కా, అది మీలాంటి ఊళ్ల కోసమే. పాతకాలపు శాటిలైట్ నెట్ 35,786 కిలోమీటర్ల ఎత్తు నుంచి వస్తుంది. మాట వెళ్లి జవాబు రావడానికే అర సెకను పైన పడుతుంది, వీడియో కాల్‌లో ఒకరి మాట మీద ఒకరు పడతారు. అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ నడిపే స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల దగ్గర తిరుగుతాయి కాబట్టి ఆలస్యం చాలా తక్కువ, మీటింగులకు సరిపోతుంది. దానికి 2025 జూన్‌లో మన దేశంలో లైసెన్సు వచ్చింది. శాటిలైట్ నెట్ ఇచ్చే వన్‌వెబ్, జియో ఎస్ఈఎస్ భాగస్వామ్య సంస్థ అంతకుముందే తెచ్చుకున్నాయి. మీరు చూసుకోవాల్సింది ఆకాశం. ఆ ఉపగ్రహాలు కదులుతూ ఉంటాయి, డిష్‌కు నాలుగు వైపులా విశాలంగా ఆకాశం కనపడాలి. ఇల్లు కొండకు ఆనుకుని ఉంటే ఒకవైపు మూసుకుపోయి కాసేపటికోసారి తెగుతుంది. ఇంటి దగ్గర కుదరకపోతే పొలంలో తెరిపిగా ఉన్నచోట డిష్ పెట్టి కేబుల్ లాగొచ్చేమో చూడండి. టవర్ కనిపించే ఊరివాళ్లు మాత్రం శాటిలైట్ కోసం ఆగక్కర్లేదు. డిష్ ఖర్చే ఎక్కువ, పైగా ఒక్కో ఉపగ్రహం సామర్థ్యాన్ని చాలా పెద్ద ప్రాంతం పంచుకోవాలి.

దామలచెరువు నుంచి:
యాప్‌తో చూశాను అన్నా. మిద్దె మీద తూర్పు టవర్ నుంచి ఎన్78, సిగ్నల్ మైనస్ 88. నాణ్యత అంకె 17. కింద హాల్లో మైనస్ 108. పొద్దున డౌన్‌లోడ్ 210 ఎంబీపీఎస్, రాత్రి 9 గంటలకు 75, అప్‌లోడ్ 12. పింగ్ 35 నుంచి 45 మధ్య. ఏజెంటును అడిగితే 5జీ పెట్టే అన్నాడు.

తిరుపతి నుంచి, నెట్‌వర్క్ పని చేస్తాను:
ఇంకేం అన్నా, తీసుకోండి. సిగ్నల్ అంకె సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. అది మైనస్ 90 చుట్టుపక్కల ఉండి, నాణ్యత 15 దాటితే మంచి చోటు కిందే లెక్క. బయటి పెట్టె యాంటెన్నా ఫోన్ కన్నా పెద్దది, ఇంకొంచెం మెరుగే వస్తుంది. వీడియో మీటింగుకు నాలుగు ఎంబీపీఎస్ అప్‌లోడ్ ధారాళం, మీకు రద్దీ వేళలోనే 12 ఉంది. బిగించేవాడు తొందరలో కింద గోడకు కొట్టేసి వెళ్లిపోతాడు, ఒప్పుకోవద్దు. మీరు కొలిచిన చోటే, తూర్పు టవర్‌కు ఎదురుగా పెట్టించండి.

నెలవారీ ప్లానే తీసుకోండి. నెలకు 1 టీబీ దాటితే వేగం తగ్గిస్తారు, మీ ఇంటికి అది ఎక్కువే. పబ్లిక్ ఐపీ మామూలుగా రాదు. ఆఫీసు వీపీఎన్‌కు దాంతో చాలావరకు ఇబ్బంది ఉండదు కానీ, కంపెనీ ఫలానా ఐపీ నుంచే లోపలికి రావాలని పెట్టి ఉంటే మీ ఆవిడను వాళ్ల ఐటీ వాళ్లను ముందే అడగమనండి.

కేబుల్ నెట్‌ను మాత్రం తీసేయకండి. తక్కువ ప్లాన్‌కు మార్చి ఉంచుకోండి. ఈసారి కేబుల్ తెగినప్పుడు అదే సమయంలో ఆ టవర్‌లో నెట్ ఉందో లేదో చూడండి. టవర్‌కు వచ్చే ఫైబర్ కూడా అవే స్తంభాల మీదుగా వస్తుంటే రెండూ ఒకేసారి పోతాయి, అప్పుడు రెండు కనెక్షన్లు ఉన్నా లాభం లేదు. అలాంటప్పుడు గుట్ట వెనక కంపెనీ సిమ్ ఒకటి హాట్‌స్పాట్‌కు ఉంచుకోవడం మేలు.

దామలచెరువు నుంచి:
చాలా థ్యాంక్స్ అన్నా. కరెంటు పోతే?

తిరుపతి నుంచి, నెట్‌వర్క్ పని చేస్తాను:
బయటి పెట్టెకు, రౌటర్‌కు రెండింటికీ కరెంటు కావాలి. ఇన్వర్టర్ ఉంటే రెండు అడాప్టర్లనూ దాని లైన్‌లో పెట్టించండి. మినీ యూపీఎస్ కొనాలనుకుంటే ముందు అడాప్టర్ల మీద ఓల్టేజీ చదవండి, బయటి పెట్టెది రౌటర్‌తో సమానంగా ఉండకపోవచ్చు. మిద్దె మీద పెట్టె బిగించే పైపుకు ఎర్తింగ్ వేయించండి. ఎండాకాలం గాలివానల్లో మన వైపు పిడుగులు ఎక్కువ. గాలివాన వచ్చేలా ఉంటే, ఉరుములు మొదలవకముందే అడాప్టర్లు ప్లగ్ నుంచి తీసేయమని, బయటి నుంచి రౌటర్‌కు వచ్చే కేబుల్ కూడా ఊడదీయమని ఇంట్లో అందరికీ చెప్పండి.